మందుల కర్మాగారంలో శిక్షణ: పని దగ్గర మొదలుపెట్టి పని దగ్గరే తేల్చుకునే పద్ధతి

జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల మొదలుకొని విశాఖపట్నం పక్కనున్న పరవాడ దాకా తెలుగు నేల మీద నడుస్తున్న మందుల కర్మాగారాల్లో శిక్షణ కాగితాలకు సాధారణంగా లోటుండదు. ప్రతి ఉద్యోగికీ ఒక ఫైలు ఉంటుంది, అందులో ప్రతి ఎస్‌ఓపీకి (పని చేయవలసిన విధానాన్ని రాసిన పత్రానికి) ఎదురుగా ‘చదివాను, అర్థమైంది’ అన్న సంతకం, తేదీ ఉంటాయి. అయినా డీవియేషన్ రిజిస్టరు (నిర్ణీత విధానం తప్పిన సంఘటనల పుస్తకం) తిరగేస్తే తప్పు జరిగిన చోట కారణంగా ‘మానవ తప్పిదం’ అనీ, దిద్దుబాటు చర్యగా ‘సంబంధిత ఉద్యోగికి మళ్ళీ శిక్షణ ఇచ్చాం’ అనీ రాసిన వరుసలు పదేపదే కనిపిస్తాయి. అదే మనిషి, అదే పని, అదే శిక్షణ, కొన్ని నెలలకు అదే తప్పు. ఈ గొలుసు తెగాలంటే శిక్షణను ఎస్‌ఓపీ నుంచి కాకుండా పని నుంచి రూపొందించాలి, అది ఫలించిందో లేదో పని దగ్గరే చూడాలి. టాబ్లెట్ల యూనిట్లలో శిక్షణ బాధ్యత చూసే కోఆర్డినేటర్లకు, ప్రొడక్షన్ సూపర్‌వైజర్లకు, కొత్తగా క్యూఏలో (నాణ్యతా హామీ విభాగంలో) చేరినవారికి ఉపయోగపడేలా ఆ పద్ధతిని వివరించడానికే ఈ వ్యాసం.

నిబంధనలు కోరేది కూడా సంతకాన్ని మాత్రమే కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లోని 211.25 విభాగం ప్రకారం, తయారీలో పాల్గొనే ప్రతి వ్యక్తికీ తనకు అప్పగించిన పనిని చేయగలిగేంత చదువు, శిక్షణ, అనుభవం ఉండాలి. శిక్షణ అతను చేసే నిర్దిష్టమైన పనుల మీద, అర్హులైనవారి చేత, నిరంతరంగా జరగాలి. ఐరోపా జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేసి, శిక్షణ ఆచరణలో ఎంత ఫలించిందో ఎప్పటికప్పుడు అంచనా వేయమంటాయి. మన దేశంలో డ్రగ్స్ రూల్స్‌లో మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎంను సవరించి 2023 డిసెంబరులో ప్రకటించిన తర్వాత చిన్న, మధ్యతరహా యూనిట్లు కూడా ఈ విషయాన్ని మొక్కుబడిగా చూడలేని పరిస్థితి వచ్చింది.

ముందు అడగవలసిన ప్రశ్న

ఏ శిక్షణ తలపెట్టినా దానికి ముందు, లోపం నిజంగా నైపుణ్యంలోనే ఉందా అని తేల్చుకోవాలి. ఇందుకు చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రశ్న ఒకటుంది: ప్రాణం మీదికి వస్తే ఆ మనిషి ఆ పనిని సరిగ్గా చేయగలడా? చేయగలడు అన్నది జవాబైతే అతనికి పని వచ్చు. వచ్చిన పని జరగడం లేదంటే అడ్డం మరెక్కడో ఉందన్నమాట, తరగతి గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన ఆ అడ్డం తొలగదు.

పొడిని నొక్కి టాబ్లెట్లుగా చేసే కంప్రెషన్ విభాగంలో నిర్ణీత వ్యవధికి ఒకసారి టాబ్లెట్ల బరువు చూసి బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డులో) నమోదు చేయాలనుకుందాం. ఆ నమోదులు ఆలస్యమవుతున్నాయని, కొన్నిసార్లు షిఫ్ట్ చివర్లో ఒకేసారి రాస్తున్నారని తేలింది. వెంటనే డేటా ఇంటెగ్రిటీ (నమోదుల విశ్వసనీయత) మీద తరగతి పెట్టడం చాలాచోట్ల అలవాటు. మీరు మాత్రం ఒక షిఫ్ట్ పాటు అక్కడే నిలబడి చూడండి. ఒకే ఆపరేటర్ రెండు మెషిన్లు చూసుకుంటుండవచ్చు. త్రాసు పక్క క్యూబికల్‌లో ఉండి, ప్రతిసారీ తలుపులు దాటి వెళ్ళవలసి వస్తుండవచ్చు. బీఎంఆర్ పేజీలో 20 విలువలు రాయడానికి ఇచ్చిన గడులు చేతిరాతకు చాలనంత ఇరుకుగా ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ శిక్షణతో తీరదు. త్రాసును చేరువలోకి తేవడం, ఫార్మాట్ మార్చడం, మనుషుల కేటాయింపు సవరించడం వంటివే పనిచేస్తాయి. ఐరోపా జీఎంపీ మొదటి అధ్యాయం చెప్పేది కూడా ఇదే: మానవ తప్పిదమే కారణమని నిర్ణయించే ముందు ప్రక్రియలో, విధానంలో, వ్యవస్థలో ఉన్న లోపాలను విస్మరించలేదని చూసుకుని ఆ నిర్ణయాన్ని సమర్థించుకోగలగాలి. కాబట్టి డీవియేషన్ దర్యాప్తులో ‘మళ్ళీ శిక్షణ’ అన్న మాట రాసే ముందు ఈ పరిశీలన జరిగిందని చూపించే ఒక పేరా తప్పనిసరిగా ఉండాలని మీ యూనిట్‌లో నియమం పెట్టుకోండి. పని వచ్చినవాడిని పదేపదే తరగతికి పంపడం అతన్ని అవమానించడమే, అసలు లోపమూ అలాగే మిగిలిపోతుంది.

పనిని విడగొట్టడం

నైపుణ్యంలోనే లోపం ఉందని తేలిన పనిని ఒకదాన్ని ఎంచుకోండి. ఒక్కటే. డజను ఎస్‌ఓపీలను ఒకే రోజు చదివించే కార్యక్రమం వల్ల హాజరు పట్టిక నిండుతుంది తప్ప ఎవరి చేతికీ పని రాదు.

బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్‌లో జరిగే లైన్ క్లియరెన్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒక బ్యాచ్ ముగిసి మరో బ్యాచ్ మొదలయ్యే ముందు, పాత బ్యాచ్‌కు చెందిన టాబ్లెట్, ఫాయిల్, కార్టన్, లేబుల్, కాగితం ఏదీ లైన్ మీద మిగలలేదని నిర్ధారించే పని ఇది. ఎస్‌ఓపీలో ఇది చాలాసార్లు ‘మునుపటి ఉత్పత్తి అవశేషాలు లేవని నిర్ధారించుకోవాలి’ అన్న ఒక్క వాక్యంగా ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రవాడు ఆ వాక్యం చదివి, లైన్ వెంట ఒకసారి నడిచి, కంటికి ఏమీ కనిపించలేదు కాబట్టి సంతకం పెడతాడు. అతను వాక్యాన్ని ఉల్లంఘించలేదు. ఎక్కడెక్కడ చూడాలో ఆ వాక్యం అతనికి చెప్పలేదంతే.

అనుభవమున్న ఆపరేటర్ అదే పనిని ఎలా చేస్తాడో పక్కన నిలబడి చూడండి. టాబ్లెట్లను లైన్‌కు అందించే ఫీడర్ మీది బ్రష్ బాక్స్ మూత తీసి, బ్రష్‌ల వెంట్రుకల మధ్య గ్లవ్ వేసుకున్న వేలితో తడుముతాడు. గైడ్ ట్రాక్ కిందికి టార్చి వేసి వంగి చూస్తాడు. కన్వేయర్ బెల్టును ఒక పూర్తి చుట్టు తిప్పించి అడుగు భాగం కూడా పైకి వచ్చేలా చేస్తాడు. రిజెక్ట్ బిన్‌ను ఖాళీ చేయడంతో ఆగకుండా బోర్లిస్తాడు. కార్టన్లు పేర్చి ఉంచే కార్టనర్ మ్యాగజైన్ అడుగున ఒక కార్టన్ పడుకుని అంటుకుపోయి ఉంటుందని అతనికి తెలుసు కాబట్టి చేయి పెట్టి చూస్తాడు. బ్యాచ్ నంబరు కొట్టే స్టీరియోలను (అచ్చు దిమ్మెలను) పెట్టెలోకి లెక్కపెట్టి వేస్తాడు. ఇవన్నీ అతని చేతికి తెలుసు. అడిగితే మాత్రం ‘మామూలుగా చూస్తాను సార్’ అంటాడు. ఆ ‘మామూలు’లో దాగిన విషయాలను బయటికి తీసి కాగితం మీద పెట్టడమే శిక్షణ రూపకర్త చేయవలసిన అసలు పని.

దీనికి ఒక పేజీలో మూడు నిలువు వరుసలు చాలు. మొదటి దానిలో ఏం చేయాలో, రెండో దానిలో ఎలా చేస్తే సరిగ్గా జరుగుతుందో, మూడో దానిలో ఎందుకు అలా చేయాలో రాయండి. బ్రష్ బాక్స్ తెరవాలి. వెంట్రుకల మధ్య వేలితో తడమాలి. ఎందుకంటే చిన్న టాబ్లెట్ అక్కడ ఇరుక్కుని, మెషిన్ మొదలైన కాసేపటికి జారి కొత్త బ్యాచ్‌లో కలుస్తుంది. మూడో వరుస ఖాళీగా వదలకండి. కారణం తెలియని నియమం తొందర పెరిగిన రోజున మొదట పక్కకు పోతుంది. రక్తపోటు మందు స్ట్రిప్‌లో మధుమేహం మందు టాబ్లెట్ ఒకటి చేరితే దాన్ని మింగేది ఆ తేడా కనిపెట్టలేని రోగి అన్న సంగతి ఆపరేటర్‌కు స్పష్టంగా చెప్పాలి; అది భయపెట్టడం కాదు, అతని పనికున్న విలువను అతనికి తెలియజేయడం.

ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులను విడివిడిగా గమనించి ఈ పేజీ తయారుచేయడం మంచిది. వారి పద్ధతుల్లో తేడాలు కనిపిస్తే, ఏది సరైనదో క్యూఏతో కలిసి తేల్చి, అవసరమైతే ముందు ఎస్‌ఓపీనే సవరించండి. శిక్షణలో ఒకటి చెప్పి ఎస్‌ఓపీలో ఇంకొకటి ఉంచితే ఇబ్బంది పడేది ఆపరేటరే.

లక్ష్యాన్ని చూడగలిగేలా రాయడం

‘బరువు పరీక్షపై అవగాహన కల్పించడం’ అన్నది లక్ష్యం కాదు, ఎందుకంటే అవగాహన కలిగిందో లేదో బయటినుంచి చూసి చెప్పలేం. దాన్ని ఇలా రాయండి: ‘నడుస్తున్న కంప్రెషన్ మెషిన్ నుంచి 20 టాబ్లెట్లు తీసి, ఒక్కొక్కటిగా తూచి, సగటు లెక్కగట్టి, పరిమితి దాటినవి ఎన్నో గుర్తించి, మెషిన్ ఆపాలో వద్దో నిర్ణయించి, ఆ విలువలను అప్పటికప్పుడే బీఎంఆర్‌లో నమోదు చేయగలగాలి.’ సగటు బరువు 250 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉన్న టాబ్లెట్లకు మన దేశ ఔషధ ప్రమాణాల గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా అనుమతించే తేడా 5 శాతం. 20 టాబ్లెట్లలో రెండుకు మించి ఆ హద్దు దాటకూడదు, ఒక్కటి కూడా దానికి రెట్టింపు హద్దు దాటకూడదు. యూనిట్‌లో అంతర్గత పరిమితులు ఇంతకంటే బిగుతుగా ఉండటం మామూలే, కాబట్టి నేర్చుకునేవాడికి ఆ అంకెలే నోటికి రావాలి. ఇలా రాసిన లక్ష్యంలో ఏం బోధించాలో, దేన్ని వదిలేయాలో, చివర ఏం పరీక్షించాలో అన్నీ ఇమిడి ఉంటాయి. బోధనాంశాలు ముందు పోగుచేసుకుని లక్ష్యాన్ని చివర అతికించే అలవాటు వల్లనే జీఎంపీ చరిత్ర మీద గంటసేపు స్లైడ్లు చూపించి, త్రాసు దగ్గరికి ఒక్కసారి కూడా తీసుకెళ్ళని శిక్షణలు పుట్టుకొస్తాయి.

నేర్పే తీరు

పని దగ్గర పని నేర్పడానికి నూరేళ్ళకు పైబడి పరీక్షకు నిలిచిన నాలుగు మెట్ల పద్ధతి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఓడల నిర్మాణ కేంద్రాలకు వేలాదిగా కొత్త కార్మికులు అవసరమైనప్పుడు చార్లెస్ అలెన్ అనే వృత్తి విద్యా నిపుణుడు దీన్ని అమలు చేశారు. 1940 నుంచి 1945 వరకు అమెరికా ప్రభుత్వం నడిపిన ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ కార్యక్రమం దాన్నే సూపర్‌వైజర్లకు రెండేసి గంటల చొప్పున ఐదు విడతల్లో నేర్పి, 16,000కు పైగా కర్మాగారాల్లోకి తీసుకెళ్ళింది. యుద్ధం ముగిశాక అది జపాన్ చేరింది. టయోటా తన ఉత్పత్తి విధానంలో దాన్ని భాగం చేసుకుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేని ఈ పద్ధతి మన యూనిట్లకు ఎంతో అనువైనదని నా నమ్మకం.

మొదటి మెట్టు నేర్చుకునేవాడిని సిద్ధం చేయడం. అతనికి ఆ పని గురించి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి, భయం పోగొట్టాలి, మెషిన్‌కు ఎదురుగా కాకుండా నేర్పేవాడి పక్కనే, అదే దిశలో నిలబెట్టాలి. రెండో మెట్టు చేసి చూపించడం. ఒకసారి ముఖ్యమైన అంచెలను మాత్రమే చెబుతూ, మరోసారి వాటికి కీలకాంశాలను చేరుస్తూ, మూడోసారి కారణాలను కూడా చెబుతూ చూపించాలి. ఒకే విడతలో అన్నీ చెప్పేస్తే ఏదీ నిలవదు. మూడో మెట్టు అతని చేత చేయించడం. ముందు మాటల్లేకుండా చేయనిచ్చి, తప్పు చేసిన చోట వెంటనే ఆపి సరిదిద్దాలి. ఆ తర్వాత అతనే అంచెలు, కీలకాంశాలు, కారణాలు చెబుతూ మళ్ళీ మళ్ళీ చేయాలి. ‘ఈ బ్రష్ బాక్స్ ఎందుకు తెరుస్తున్నావో చెప్పు తమ్ముడూ’ అని అడిగినప్పుడు అతను తన మాటల్లో జవాబు చెప్పగలిగితేనే ఆ అంచె వచ్చినట్టు లెక్క. నాలుగో మెట్టు అతన్ని పనిలో పెట్టి, సందేహం వస్తే ఎవరిని అడగాలో పేరుతో సహా చెప్పి, మొదట్లో తరచుగా, పోనుపోను తక్కువగా వెళ్ళి చూడటం. మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేది ఈ నాలుగో మెట్టే, ఎందుకంటే ఫైలులో సంతకం మూడో మెట్టు దగ్గరే పడిపోతుంది.

భాష సంగతి ఇక్కడే చెప్పాలి. ఎస్‌ఓపీలు ఇంగ్లిషులో ఉంటాయి. ప్యాకింగ్ హాలులో శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవారితో పాటు ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు కూడా పనిచేస్తుంటారు. అర్థం కాని భాషలోని కాగితం మీద ‘అర్థమైంది’ అని సంతకం చేయించడం వారికీ మంచిది కాదు, యూనిట్‌కూ మంచిది కాదు. మూడు వరుసల పేజీని తెలుగులో, అవసరమైతే హిందీలో, ఒడియాలో తయారుచేసి, క్యూఏ ఆమోదంతో, వెర్షన్ నంబరుతో మెషిన్ దగ్గర ఉంచండి. అనువదించేటప్పుడు గ్రాంథికానికి పోవద్దు. హాలులో ‘బ్యాచ్’, ‘ఫాయిల్’, ‘రిజెక్షన్’ అనే మాటలే నలుగుతున్నప్పుడు వాటికి కొత్త పదాలు పుట్టిస్తే చదివేవాడికి ఇంకో భారం మీద పడుతుంది. ఫీడర్ లోపలి భాగం ఎలా ఉండాలో చూపించే ఫొటో ఒకటి, పక్కనే టాబ్లెట్ ఇరుక్కున్న ఫొటో ఒకటి పెడితే సగం మాటలు తగ్గుతాయి.

పరీక్షించడం

పది బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష, అందులో 80 శాతం మార్కులు వస్తే ఉత్తీర్ణత. లైన్ క్లియరెన్స్‌కు దీన్ని వర్తింపజేస్తే, చూడవలసిన పది చోట్లలో రెండు చోట్లు వదిలేసినవాడు ఉత్తీర్ణుడైనట్టే. చేతి పనిని చేతి పనితోనే పరీక్షించాలి. ఉత్పత్తి ఆగి, ఇంకా శుభ్రపరచవలసి ఉన్న మెషిన్ మీద గానీ, శిక్షణ కోసం పక్కన ఉంచిన పాత మెషిన్ మీద గానీ, నంబర్లు వేసిన రంగు ప్లాస్టిక్ బిళ్ళలను రకరకాల చోట్ల దాచి, అతన్ని లైన్ క్లియరెన్స్ చేయమనండి. అన్నీ దొరికితేనే అర్హత. అసలు టాబ్లెట్లను, కార్టన్లను ఇందుకు ఎప్పుడూ వాడవద్దు. బిళ్ళలను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకుని, ఆ లెక్క రాసి ఉంచండి, లేకపోతే పరీక్షే కొత్త కలగాపులగానికి దారితీస్తుంది. ఏ బిళ్ళ ఎక్కువమందికి దొరకలేదో చూస్తే మీ శిక్షణలో ఎక్కడ బలహీనత ఉందో కూడా తెలుస్తుంది.

నేర్చుకున్నది మరిచిపోవడం సహజం. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో, మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుందని చూపించారు. మళ్ళీ చదవడం కంటే జ్ఞాపకం నుంచి బయటికి తీయడానికి ప్రయత్నించడం వల్ల విషయం ఎక్కువకాలం నిలుస్తుందని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. అందువల్ల ఏడాదికొకసారి రోజంతా జరిపే రిఫ్రెషర్ కంటే, షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాలు నిలబడి ఒక ప్రశ్న అడగడం మేలు. ‘తూస్తున్నప్పుడు ఒక టాబ్లెట్ హద్దు దాటింది, మొదట ఏం చేస్తావు?’ అని అడిగి, జవాబు చెప్పనిచ్చి, ఆ తర్వాతే సరిదిద్దాలి. ఇలా మొదటి వారంలో ఒకసారి, నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి అడిగితే చాలా వరకు నిలుస్తుంది.

నేర్పేవారిని ఎంచుకోవడం

బాగా పనిచేసే ఆపరేటర్ బాగా నేర్పగలడన్న హామీ లేదు. ఓపిక, మాట తీరు, తన పనిని విడమరచి చెప్పగల శక్తి ఉన్నవారిని చూసుకోవాలి, వారికి పైన చెప్పిన నాలుగు మెట్లను నేర్పి సాధన చేయించాలి. ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది: నేర్పే రోజుల్లో అతని ఉత్పత్తి లక్ష్యం తగ్గించాలి. లక్ష్యం అలాగే ఉంచి కొత్తవాడిని అప్పగిస్తే, అతను ఆ కొత్తవాడిని పక్కన నిలబెట్టి తన పని తాను చేసుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. ప్లాంట్ హెడ్‌తో మాట్లాడి ఈ సమయాన్ని షిఫ్ట్ ప్రణాళికలోనే చూపించడం కోఆర్డినేటర్ బాధ్యత, నేర్పినందుకు ఆ ఆపరేటర్‌కు వార్షిక మదింపులో గుర్తింపు ఇప్పించడం కూడా అతని బాధ్యతే.

ఒక పని నుంచి ఉద్యోగి ఎదుగుదల వరకు

విడి విడి శిక్షణలను కలిపి చూడటానికి ప్రతి విభాగానికీ ఒక నైపుణ్యాల పట్టిక పెట్టండి. నిలువునా మనుషుల పేర్లు, అడ్డంగా పనులు, ప్రతి గడిలో నాలుగు స్థాయిల్లో ఒకటి: ఇంకా నేర్చుకోలేదు, పర్యవేక్షణలో చేయగలడు, ఒంటరిగా చేయగలడు, మరొకరికి నేర్పగలడు. స్థాయి మారాలంటే పని దగ్గర జరిగిన పరీక్ష ఆధారం కావాలి. ఈ పట్టికను చూడగానే ఏ కీలకమైన పని ఒక్క మనిషి మీదే ఆధారపడి ఉందో తెలుస్తుంది. ఆ మనిషి సెలవు పెట్టిన రోజు, మానేసిన రోజు ఏమవుతుందో ఆలోచించి, అక్కడి నుంచే తర్వాతి శిక్షణలకు వరుస కట్టండి.

ఉద్యోగికి కూడా ఈ పట్టిక ఒక దారి చూపాలి. ప్యాకింగ్‌లో హెల్పర్‌గా చేరినవాడు ఆపరేటర్ కావడానికి, కంప్రెషన్ నుంచి టాబ్లెట్లకు పూత వేసే కోటింగ్‌కు మారడానికి ఏయే పనులు ఏ స్థాయిలో రావాలో, వచ్చాక జీతంలో, హోదాలో ఏం మారుతుందో రాసి ఉంచాలి. ఏమీ మారదన్నప్పుడు నేర్చుకోవాలన్న ఆసక్తిని కేవలం ఉపన్యాసాలతో పుట్టించలేం. అప్రెంటిస్‌ల విషయంలో ఇది మరీ ముఖ్యం. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం, 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసి వచ్చే ఆ పిల్లలను ఏడాదంతా కార్టన్లు మోయడానికి వాడుకోకుండా, చేరిన రోజునే పట్టికలో వారి పేర్లు చేర్చి, ఏ నెలకు ఏ పనిలో ఏ స్థాయికి రావాలో వారి చేతికే ఒక కాపీ ఇవ్వండి.

ఫలితాన్ని కొలవడం

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు స్థాయిలు ఇప్పటికీ ఉపయోగపడతాయి: పాల్గొన్నవారి స్పందన, నేర్చుకున్నది, పనిలో వచ్చిన మార్పు, సంస్థకు కలిగిన ఫలితం. శిక్షణ చివర నింపించే ఫీడ్‌బ్యాక్ పత్రం మొదటి స్థాయి దగ్గరే ఆగుతుంది, కాబట్టి దాని మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. బిళ్ళల పరీక్ష రెండో స్థాయిని చూపిస్తుంది. మూడో స్థాయి కోసం, శిక్షణ అయిన నెల తర్వాత, మూడు నెలల తర్వాత, మూడు వరుసల పేజీ చేతిలో పట్టుకుని ఆ ఆపరేటర్ చేసే నిజమైన లైన్ క్లియరెన్స్‌ను మొదటి నుంచి చివరిదాకా గమనించండి. రాత్రి షిఫ్ట్‌లో కూడా గమనించండి, ఎందుకంటే పగటి పద్ధతి రాత్రి కూడా నిలబడుతోందో లేదో అక్కడే తెలుస్తుంది. నాలుగో స్థాయికి డీవియేషన్ రిజిస్టరుకే తిరిగి వెళ్ళి, ఆ పనికి సంబంధించిన నమోదులను శిక్షణకు ముందటి ఆరు నెలలతో, తర్వాతి ఆరు నెలలతో పోల్చండి. ఆ వ్యవధిలో నడిచిన బ్యాచ్‌ల సంఖ్య మారి ఉంటే నిష్పత్తిగా చూడాలి, మెషిన్‌లో గానీ ఫార్మాట్‌లో గానీ మార్పులు జరిగి ఉంటే వాటిని పక్కనే రాయాలి. నమోదులు తగ్గకపోతే శిక్షణను మళ్ళీ జరపకండి. ఆ మూడు వరుసల పేజీని తీసుకుని లైన్ దగ్గరికి వెళ్ళి, అందులో ఏ అంచె రాయకుండా వదిలేశామో ఆపరేటర్లనే అడగండి.